నూతికి దారి రాయని దస్తావేజు

సంపాదకులకు,

ఆర్యా,

వరంగల్ దగ్గరి మామునూరు విమానాశ్రయాన్ని తిరిగి తెరిచే ప్రయత్నాల గురించి మీ పత్రికలో వస్తున్న వార్తలను, విజయనగరంలో ఉంటూ కూడా, ఒక్కటీ వదలకుండా చదువుతున్నాను. మా అమ్మాయిని హనుమకొండ ఇచ్చాం కాబట్టి ఆ ఊరి కబురు మాకు సొంత ఊరి కబురే. అదొక కారణం. ముప్పై ఏళ్ళకు పైగా సబ్ రిజిస్ట్రారు కార్యాలయం ఎదుట దస్తావేజు లేఖరిగా బతికినవాణ్ణి కావడం వల్ల, ఏ వార్తలోనైనా ఒప్పందం అన్న మాట కనబడితే నా చూపు అక్కడే ఆగిపోవడం రెండో కారణం. మామునూరు వార్తల్లో చాలామంది రన్‌వే పొడవు, భూసేకరణ, పరిహారం చూసి ఉంటారు. నేను మాత్రం అందులో ఉన్న ఒక షరతు దగ్గర ఆగిపోయాను. అది మా ఉత్తరాంధ్రకు కూడా రేపో మాపో అడ్డం తగులుతుందన్న అనుమానంతో ఈ ఉత్తరం రాస్తున్నాను.

నిజాం కాలంలో, 1930లో ఏర్పడిన మామునూరు విమానాశ్రయం వరంగల్ అజంజాహీ మిల్లు వంటి పరిశ్రమల రాకపోకలకు పనికొచ్చి, స్వాతంత్ర్యం వచ్చిన తరువాత కూడా కొన్ని దశాబ్దాలు నడిచి, 1981లో మూతపడింది. మూడేళ్ళ కిందట సంక్రాంతి వెళ్ళాక కోణార్క్ ఎక్స్‌ప్రెస్‌లో అమ్మాయి ఇంటికి వెళ్ళినప్పుడు మా అల్లుడు స్కూటరు మీద ఖమ్మం రోడ్డున తీసుకువెళ్ళి ఆ నేలను చూపించాడు. కంచె అవతల నడుం ఎత్తు గడ్డి, గడ్డి మధ్య అక్కడక్కడ బయటపడుతున్న పాత రన్‌వే ముక్కలు, వాటి పగుళ్ళలోంచి మొలిచిన తంగేడు. కంచె పక్కన మేకలు కాస్తున్న పెద్దాయన ఒకరు, చిన్నతనంలో తండ్రి భుజం మీద కూర్చుని అక్కడ విమానం దిగడం చూశానని చెప్పాడు. ఆ మాట చెబుతూ ఆయన వేలు చూపించిన వైపు ఆ రోజు నాకు తుమ్మచెట్లే కనిపించాయి.

ఇన్నేళ్ళు అది మూతపడి ఉండడానికి కారణం గడ్డి కాదన్నది అందరికీ తెలుసు. వరంగల్ చిన్న ఊరేమీ కాదు. ఎన్ఐటీ ఉంది, కాకతీయ విశ్వవిద్యాలయం ఉంది, రామప్ప గుడికి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. ఎక్కేవాళ్ళు లేరని ఎవరూ అనలేరు. అసలు అడ్డంకి శంషాబాద్ విమానాశ్రయం కోసం 2004లో రాసుకున్న ఒప్పందంలో ఉంది. చుట్టూ 150 కిలోమీటర్ల పరిధిలో 25 ఏళ్ళ దాకా పోటీ విమానాశ్రయం రాకూడదన్న రక్షణను ఆ ఒప్పందం నిర్మాణ సంస్థకు ఇచ్చింది. శంషాబాద్ 2008 మార్చిలో ప్రారంభమైంది కాబట్టి లెక్క ప్రకారం ఆ గడువు 2033 దాకా సాగుతుంది. మామునూరు ఆకాశమార్గాన కొలిస్తే ఆ 150 కిలోమీటర్ల గీతకు కాస్త ఇవతల పడింది. నాలుగైదు కిలోమీటర్లు అవతల ఉండి ఉంటే దాని కథే వేరుగా ఉండేదేమో! చివరకు ఆ సంస్థ అభ్యంతరం లేదని కాగితం ఇచ్చిన తరువాతనే, 2025 ఫిబ్రవరి 28న, కేంద్రం మామునూరుకు ఆమోదం తెలిపింది. అప్పటికే ఉన్న 696 ఎకరాలకు తోడు మరో 253 ఎకరాలు సేకరించడానికి తెలంగాణ ప్రభుత్వం అంతకు ముందే, 2024 నవంబరులో, 205 కోట్ల రూపాయలు మంజూరు చేసింది.

ఇందులో సంస్థను తప్పుపట్టే ఉద్దేశం నాకు లేదు. వేల కోట్లు పెట్టుబడి పెట్టేవాడు తన రాబడికి హామీ అడుగుతాడు, అడగకపోతేనే ఆశ్చర్యపోవాలి. హామీ ఇచ్చేటప్పుడు ప్రజల తరఫున కలం పట్టినవారు ఏం రాశారు, ఏం రాయడం మరిచారు అన్నదే నా ప్రశ్న.

నా వృత్తిలోంచి ఒక సంగతి చెబుతాను. చాలా ఏళ్ళ కిందట గంట్యాడ వైపు నుంచి ముగ్గురు అన్నదమ్ములు పంపకాల దస్తావేజు రాయించుకోవడానికి వచ్చారు. హద్దులు చెప్పారు, సర్వే నంబర్లు చెప్పారు, చింతచెట్టు ఎవరికి, పశువుల శాల ఎవరికి అన్నదంతా చెప్పారు. నుయ్యి ఉమ్మడి అన్నారు, రాశాను. ఆ నూతికి వెళ్ళే దారి మాత్రం రాయించలేదు. నుయ్యి పెద్దవాడి వాటాలో ఉంది కాబట్టి దారి సంగతి కూడా రాయించుకోమని నేను అడిగితే, మా మధ్య దారికేమిటండీ అని ముగ్గురూ నవ్వారు. పదిహేనేళ్ళ తరువాత పెద్దవాడు పోయాడు, అతని కొడుకు గోడ కట్టాడు. మిగిలిన ఇద్దరూ నాటి దస్తావేజు నకలు పట్టుకుని నా బల్ల దగ్గరకు వచ్చారు. నుయ్యి ఉమ్మడి అన్న మాట అందులో స్పష్టంగా ఉంది. దారి లేదు. నాలుగో ఏడు గడిచేసరికి అన్న కొడుకు దయతలిచి, చిన్న తలుపు ఒకటి పెట్టించాడు. తాళంచెవి మాత్రం అతని మొలతాడుకే ఉంది. మామునూరుకు వచ్చిన అనుమతి గురించి చదివినప్పుడు నాకు ఆ తలుపే గుర్తుకొచ్చింది.

మామునూరు ఒక్కటే ఇలా చిక్కుకోలేదు. శంషాబాద్ తెరిచిన రోజే నగరం నడిబొడ్డున ఉన్న బేగంపేటలో వాణిజ్య విమానాలు ఆగిపోయాయి. అదే ఏడాది మే నెలలో దేవనహళ్ళి మొదలవగానే బెంగళూరు పాత విమానాశ్రయం పరిస్థితీ అంతే అయింది. సరిహద్దు అవతలి బీదర్ కూడా శంషాబాద్‌కు 150 కిలోమీటర్ల లోపే ఉండడం వల్ల అక్కడి టెర్మినల్ ఏళ్ళ తరబడి ఎదురుచూసి, అంగీకారం కుదిరిన తరువాత 2020లో గాని విమానాన్ని చూడలేదు.

ఇక మా ఇంటి సంగతికి వస్తాను. విశాఖపట్నం విమానాశ్రయం నౌకాదళానికి చెందిన ఐఎన్ఎస్ డేగాలో ఒక పౌర ప్రాంగణం. రన్‌వే నౌకాదళానిది, టెర్మినల్ భారత విమానాశ్రయాల సంస్థది. నౌకాదళ శిక్షణ అవసరాలు ముందు, ప్రయాణికుల విమానాలు తరువాత. ఈ ఇరుకు చాలకనే మా జిల్లాలోని భోగాపురంలో 2,200 ఎకరాలకు పైగా భూమిలో, 3,800 మీటర్ల రన్‌వేతో, అల్లూరి సీతారామరాజు పేరిట కొత్త అంతర్జాతీయ విమానాశ్రయం కడుతున్నారు. దానికి 2019 ఫిబ్రవరిలో ఒకసారి, 2023 మే 3న మరోసారి శంకుస్థాపన జరిగింది. (మా వైపు ఇంటికి ముహూర్తం తప్పితే మళ్ళీ పెడతారు, ఇక్కడ ప్రభుత్వం మారితే మళ్ళీ పెట్టారు.) అది మొదలవగానే విశాఖలోని పౌర విమానాలను భోగాపురానికి తరలిస్తారని ముందు నుంచీ చెబుతున్నారు.

నా స్వార్థం నేను దాచుకోను. మా ఇంటి నుంచి భోగాపురం ముప్పావు గంట ప్రయాణం. పొద్దున్నే బయలుదేరే విమానానికి అర్ధరాత్రి లేచి, ఆనందపురం మీదుగా నిద్రమత్తులో విశాఖ చేరవలసిన బాధ మా జిల్లాకూ శ్రీకాకుళానికీ తప్పుతుంది. గల్ఫ్ దేశాలకు వెల్డింగు పనులకూ, పైపు ఫిట్టింగు పనులకూ వెళ్ళే సోంపేట, కవిటి కుర్రాళ్ళు హైదరాబాదు దాకా రైలులో వెళ్ళి విమానం ఎక్కే అవస్థ కూడా ముందు ముందు తగ్గుతుందని ఆశిస్తున్నాను. భోగాపురం నిలదొక్కుకోవాలంటే మొదటి కొన్నేళ్ళు విమానాలన్నీ అక్కడి నుంచే నడవాలన్న వాదనలోనూ న్యాయం ఉంది. అయినా విశాఖ ప్రాంగణానికి తాళం వేసే రోజున, ఆ తాళం ఎవరు, ఏ పరిస్థితిలో, ఎవరిని అడిగి తీయవచ్చునో కాగితం మీద ఉండాలని అంటున్నాను. మామునూరు 44 ఏళ్ళు ఎదురుచూసి నేర్పిన పాఠాన్ని మనం మళ్ళీ సొంత ఖర్చుతో నేర్చుకోనక్కరలేదు.

ఇది జరగని పని కూడా కాదు. గోవాలో దబోలిం విమానాశ్రయం కూడా నౌకాదళానిదే, ఐఎన్ఎస్ హంసలో ఉంది. ఉత్తర గోవాలోని మోపాలో 2023 జనవరి నుంచి కొత్త విమానాశ్రయం నడుస్తున్నా దబోలిం మూతపడలేదు, రెండింటి నుంచీ విమానాలు ఎగురుతున్నాయి. మోపాను కట్టినదీ, శంషాబాద్‌ను నడుపుతున్నదీ, భోగాపురాన్ని కడుతున్నదీ ఒకే సంస్థ. అక్కడ కుదిరినది ఇక్కడ కుదరదని చెప్పేవారు కారణం చెప్పాలి. 2014 నుంచి 2018 వరకు పౌర విమానయాన శాఖను చూసిన మా విజయనగరం వాస్తవ్యులు అశోక్ గజపతిరాజు గారు ఇప్పుడు ఆ గోవాకే గవర్నరుగా ఉన్నారు. 2024 నుంచి అదే శాఖను శ్రీకాకుళం పార్లమెంటు సభ్యులు కింజరాపు రామ్మోహన్ నాయుడు గారు చూస్తున్నారు. ఒకరి తరువాత ఒకరుగా కాకపోయినా, పదేళ్ళ వ్యవధిలో రెండుసార్లు ఈ శాఖ పక్కపక్క జిల్లాల చేతికి వచ్చింది. ఇప్పుడు అడగకపోతే ఇంకెప్పుడు అడుగుతాం?

విశాఖ ప్రాంగణాన్ని కొంతవరకైనా బతికించి ఉంచాలనడానికి నాకు తోచిన కారణాలు రెండు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు విమానాశ్రయం పైకప్పు లేచిపోయి, కొన్ని రోజులపాటు రాకపోకలు నిలిచిపోయాయి. 2018 అక్టోబరులో తిత్లీ పలాస వైపు తాకింది. ఈ తీరానికి తుపాను రావడం కొత్త కాదు, ఏ ఏడు ఎక్కడ తాకుతుందో ఎవరూ చెప్పలేరు. భోగాపురం సముద్రానికి మరీ దగ్గర. ఒకటి దెబ్బతింటే రెండోది ఆదుకునే వీలు చేతిలో ఉండగా దాన్ని మనమే వదులుకోవడం తెలివైన పని కాదు. ఐఎన్ఎస్ డేగాలో నౌకాదళం ఉన్నంతకాలం రన్‌వే మీద మామునూరులో మాదిరి తంగేడు మొలవదు. తుప్పు పట్టేది టెర్మినలూ, లైసెన్సూ మాత్రమే. వాటిని నిలబెట్టుకోవడానికయ్యే ఖర్చు కొత్త నేల కొనేదాని ముందు ఏపాటి?

రెండో కారణం జయపురం. కొరాపుట్ జిల్లాలోని జయపురం ఎయిర్‌స్ట్రిప్‌లో చాలాకాలం ప్రయాణికుల విమానాలు లేవు. చిన్న ఊళ్ళకు విమానాలు నడిపించడానికి కేంద్రం పెట్టిన ఉడాన్ పథకం కింద దాన్ని బాగుచేసి, 2022 అక్టోబరు 31న తొమ్మిది సీట్ల చిన్న విమానంతో విశాఖకు సర్వీసు మొదలుపెట్టారు. మామూలుగానైతే ఆ ప్రయాణం సాలూరు ఘాటు దిగి, మా ఊరి మీదుగా, ఒక పూటంతా పడుతుంది. ఘాటు దిగి వచ్చే అంబులెన్సులు ఎత్తుబ్రిడ్జి దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని సైరన్ మోగిస్తుంటే మేము రోజూ వింటున్నాం. చిన్న విమానంలో వచ్చేవారికి కూడా ఎక్కువగా కావలసింది విశాఖ ఆసుపత్రులే. వారిని భోగాపురంలో దించి మళ్ళీ విశాఖకు రోడ్డెక్కించడం వల్ల పెద్ద విమానాశ్రయానికి వచ్చే లాభం తొమ్మిది సీట్ల లాభమే. ఇటువంటి చిన్న సర్వీసులకైనా పాత ప్రాంగణంలో చోటు మిగిల్చితే భోగాపురం రాబడికి ఏ లోటూ రాదు.

దీనికన్నా తొందరగా తేల్చవలసింది పలాస సంగతి. పలాస సమీపంలో, మందస, వజ్రపుకొత్తూరు మండలాల వైపు, మరో విమానాశ్రయం ప్రతిపాదన నడుస్తోంది. అక్కడి రైతులు జీడి, కొబ్బరి తోటలు పోతాయని ఆందోళన చేస్తున్నారు. వద్దో కావాలో తేల్చే అర్హత నాకు లేదు. కిడ్నీ జబ్బుతో వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కు తిరిగే ఉద్దానం మనిషికి ముందు కావలసింది విమానమా, వేళకు వచ్చే బస్సా అన్నది అక్కడివారే చెప్పాలి. నేను అడిగేది కాగితం గురించే. భోగాపురం నుంచి పలాస ఆకాశమార్గాన 150 కిలోమీటర్ల లోపే. 2008 నాటి గ్రీన్‌ఫీల్డ్ (అంటే ఖాళీ నేల మీద కొత్తగా కట్టే) విమానాశ్రయాల విధానం ప్రకారం, నడుస్తున్న పౌర విమానాశ్రయానికి 150 కిలోమీటర్ల లోపల కొత్తది కట్టాలంటే కేంద్రం ప్రత్యేకంగా పరిశీలించి అనుమతించాలి. ఆ పైన భోగాపురం ఒప్పందంలో నిర్మాణ సంస్థకు ఇచ్చిన రక్షణ ఏదైనా ఉంటే అదీ లెక్కలోకి వస్తుంది. అటువంటప్పుడు ఆ అంగీకారం ముందుగా చేతికి రాకుండా, రైతు దగ్గర నేల తీసుకుంటే ఏమవుతుంది? తోట పోతుంది, విమానం రాదు, మధ్యలో గడ్డి పెరుగుతుంది. ఆస్తి మీద తాకట్టు, అమ్మకం వంటివి ఏమున్నాయో చూపే ఈసీ తీయకుండా బయానా ఇచ్చినవాడిని మా బల్ల దగ్గర అమాయకుడు అనేవాళ్ళం. ప్రభుత్వం ఆ పని చేస్తే ఏమనాలో నాకు తెలియదు.

మూతపడిన విమానాశ్రయాల విలువ ఇక్కడే తెలుస్తుంది. భోగాపురం కోసం మరడపాలెం, బొల్లింకలపాలెం, ముడసర్లపేట, రెల్లిపేట ఊళ్ళకు ఊళ్ళే లేచి పునరావాస కాలనీలకు వెళ్ళిపోయాయి. ఆ కాలనీ ఒకదానికి నిరుడు ఒక పెళ్ళికి వెళ్ళాను. ఇళ్ళు బాగానే ఉన్నాయి, సిమెంటు రోడ్లున్నాయి. పందిరికి తాటాకులు మాత్రం బయట నుంచి కొనితెచ్చారు. ఒకప్పుడు ఆ ఊళ్ళ వాళ్ళు తాటాకు కొన్నారంటే నవ్విపోయేవారు. మామునూరులో సేకరించవలసింది 253 ఎకరాలు. అక్కడి రైతుల బాధ చిన్నదని నేను అనను, పోయిన ఎకరం ఎవరికైనా ఎకరమే. అయినా దేశమంతటా ఒకప్పుడు రైతు వదులుకున్న నేల పాత ఎయిర్‌స్ట్రిప్‌ల కింద పడి ఉండగా దాన్ని మూలన వేసి, మరో చోట మరో రైతు తలుపు తట్టడం న్యాయం కాదు. మామునూరును తెరవడాన్ని నేను మనసారా సమర్థించేది అందుకే.

తెరిచిన తరువాత అది తెరిచే ఉంటుందా అన్నది ఇంకొక ప్రశ్న. ఇక్కడ ఉత్సవం చేసేవాళ్ళు ఎక్కువ, లెక్క చూసేవాళ్ళు తక్కువ. ఉడాన్ పథకంలో విమాన సంస్థకు మూడేళ్ళపాటు ఆ మార్గం మీద ప్రత్యేక హక్కు, కొన్ని సీట్లను తక్కువ ధరకు అమ్మినందుకు నష్టం పూడ్చే వయబిలిటీ గ్యాప్ ఫండ్ సొమ్ము లభిస్తాయి. ఆ సొమ్ములో చాలా రాష్ట్రాల్లో అయిదోవంతు రాష్ట్ర ప్రభుత్వమే భరించాలి. మూడేళ్ళు నిండగానే ఈ ఆసరా పోతుంది. ప్రభుత్వ ఖర్చులను తనిఖీ చేసే కాగ్ 2023లో ఇచ్చిన నివేదిక చెప్పిన లెక్క ఇది: మూడో విడత వరకు కేటాయించిన 774 మార్గాల్లో 403 అసలు మొదలే కాలేదు, మొదలైన 371లో 112 మాత్రమే మూడేళ్ళూ పూర్తి చేసుకున్నాయి, ఆ 112లో 2023 మార్చి నాటికి ఇంకా నడుస్తున్నవి 54. బీదర్‌లో కూడా విమానాలు ఆగి, మొదలై, మళ్ళీ ఆగిన కాలం ఉంది. కడప పాత విమానాశ్రయాన్ని బాగుచేసి 2015 జూన్‌లో తెరిచారు, 2017 ఏప్రిల్ 27న ఉడాన్ తొలి విమానాలు ఎగిరిన రోజునే కడప నుంచి హైదరాబాదుకు సర్వీసు మొదలైంది, ఆ సర్వీసు నడిపిన ట్రూజెట్ 2022లో చేతులెత్తేసింది. తరువాత మరో సంస్థ రావడం వల్ల కడప ఊపిరి పీల్చుకుంది గానీ, అన్ని ఊళ్ళకూ ఆ అదృష్టం పట్టదు.

కాబట్టి మామునూరు విషయంలో వరంగల్ వాసులు అడగవలసినది తొలి విమానం ఎప్పుడని కాదు, నాలుగో ఏడు ఎవరు నడుపుతారని. మా అమ్మాయి ఇప్పుడు మా దగ్గరకు రావాలంటే రైలులో దాదాపు పన్నెండు గంటలు. విమానంలో వద్దామంటే హనుమకొండ నుంచి శంషాబాద్ చేరడానికే మూడు గంటలకు పైగా పడుతుంది. మామునూరు నుంచి విశాఖకో, రేపు భోగాపురానికో విమానం ఉంటే మనవడిని నెలకొకసారి చూసుకోవచ్చునని మా ఇంటావిడ ఇప్పటి నుంచే లెక్కలు వేస్తోంది. ఆమె లెక్కలో టికెట్టు ధర లేదు, నేను గుర్తు చేయడం లేదు.

నా మనవి ఇదీ. భోగాపురం ప్రారంభానికి ముందే, ఆ ఒప్పందంలో ఇతర విమానాశ్రయాలకు సంబంధించిన షరతులను ప్రభుత్వం యథాతథంగా తెలుగులో ప్రచురించాలి. విశాఖ పౌర ప్రాంగణాన్ని మూసేస్తే, తుపాను వంటి విపత్తులప్పుడూ, చిన్న విమానాల కోసమూ దాన్ని తెరిచే అధికారం ఎవరి అనుమతీ అడగకుండా ప్రభుత్వానికే ఉండేలా అనుబంధ ఒప్పందం రాసుకోవాలి. పలాసలో ఒక్క ఎకరానికైనా నోటీసు ఇవ్వకముందే అభ్యంతరం లేదన్న పత్రం సంపాదించి, దాని నకలును మందస, వజ్రపుకొత్తూరు మండలాల సచివాలయాల గోడ మీద అతికించాలి. ఈ మూడింటికీ కలిపి నాలుగైదు పేజీలకు మించదు. తెలుగులో శుభ్రప్రతి రాసేవారు దొరకడం లేదంటే, కళ్ళజోడు మార్చుకుని, రాతకూలి తీసుకోకుండా నేనే రాసి పెడతాను.

ఇట్లు,
మీ పాఠకుడు,
విశ్రాంత దస్తావేజు లేఖరి,
విజయనగరం.